గడి ముందు బూట్లు

డాక్టర్ అజీముద్దీన్‌కు తన బూట్లంటే ప్రాణం. పొద్దున్నే నమాజు కాగానే అరుగు మీద కూర్చుని, మొహం కనబడేదాకా వాటిని తుడిచేవాడు. పోలీస్ యాక్షన్ అయి పదేండ్లు దాటాక, మెట్‌పల్లి దిక్కు పల్లెల్లో దవాఖానాలు తెరిచే పని సర్కారు ఆయనకు అప్పగించింది. ఎక్కడ గది దొరికినా, ఇంట్లో పెళ్లికి విడిది దొరికినంత సంబరపడేవాడు. ఈ ఊళ్లో దొర కోటలాంటి తన గడిలోనే రెండు గదులిచ్చాడు. గచ్చు నేల, పెంకుల కప్పు, కిరాయి లేదు. వారాలు గడిచినా రోగులు మాత్రం రాలేదు. "మంత్రాలకే పోతరు గీ జనం" అని కాంపౌండరు గంగయ్యతో విసుక్కునేవాడు. గంగయ్య అవుననేవాడు కాదు, కాదనేవాడు కాదు.

ఒక మధ్యాహ్నం గడి దర్వాజ బయట పోశవ్వ అనే ముసలామె, చెప్పులు చేతబట్టుకుని, జ్వరంతో మూలుగుతున్న మనవరాలిని భుజానేసుకుని నిలబడి కనిపించింది.

"ఎప్పుడొచ్చినవ్ అవ్వా? లోపటికి రాకపోతివి?"

"పొద్దుగాల్నే వచ్చిన బాంచెన్. దొర గడిల మాసొంటోల్లు అడుగు వెడ్తరా? నువ్వే బయటికొస్తవేమోనని సూస్తున్న."

డాక్టరు గబగబా బయటికి నడిచి పిల్ల నాడి పట్టాడు. మందుల పెట్టె తెమ్మని గంగయ్యను కేకేశాడు. అప్పుడు తెలిసింది, అరికాళ్లు చురచుర కాలుతున్నాయని. వచ్చిన మొదటి రోజే, ఎవరూ చెప్పకుండానే, ఆయన కూడా దర్వాజ ముందే బూట్లు విప్పాడు. అప్పటి నుంచీ రోజూ విప్పుతూనే ఉన్నాడు. పోశవ్వ కాళ్ల పక్కన అవి తళతళ మెరుస్తున్నాయి. ఆమె మొహం చూడటానికి ఆయన తల లేవలేదు.