వడ్లు ఎత్తించిన దారి

జగిత్యాల నుంచి నిర్మల్ వరకు సైకిల్ యాత్ర దారి వేసే పని నాకు అప్పగించింది 2017 వానాకాలంలో. అప్పటికి నేను హైదరాబాద్‌లోని ఒక సైకిల్ యాత్రల సంస్థలో రూట్ మేనేజర్‌ని. విదేశాల నుంచి వచ్చే బృందాలను పల్లెదారుల మీద తిప్పడం ఆ సంస్థ పని. తర్వాత మోకాళ్లు అరిగిపోయి యాభై రెండేళ్లకే ఉద్యోగం మానుకున్నాను. ఆ దారి గురించి సంస్థలో ఇప్పటికీ చెప్పుకునే ఒక కథ ఉంది. అది పుట్టింది నా నోటి నుంచే, నిజం కాదు. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు పని పద్ధతి చెప్పాలి. రూట్ మేనేజర్ దారి ఎంచుతాడు, రెక్కీ చేస్తాడు. రెక్కీ అంటే యాత్రకు ముందు ఆ దారిని స్వయంగా తొక్కి చూడడం. మలుపులు, గుంతలు, నీళ్లు దొరికే చోట్లు, లారీల రాకపోకలు అన్నీ రాసి ఆపరేషన్స్ అధికారికి పంపాలి. ఆయన ఒప్పుకుంటేనే అది దారి అవుతుంది. యాత్ర రోజున ముందు బృంద నాయకుడు, చివర స్వీప్ ఉంటారు. స్వీప్ అంటే అందరికంటే వెనక వచ్చే మనిషి. అతను దాటితేనే ఆ ముక్క పని ముగిసినట్టు.

రాబోయేది ఫ్రాన్స్ బృందం. వాళ్ల దేశంలో పల్లెల మధ్య సన్నని తారు రోడ్ల మీద, పాత ఊళ్ల దగ్గర ఆగుతూ సైకిల్ తొక్కడం పెద్దవాళ్లకు కూడా అలవాటు. ఇక్కడా అలాంటి దారే కావాలన్నారు. జగిత్యాలలో నక్షత్రం ఆకారపు కోట ఉంది, నిర్మల్‌లో కోట బురుజులున్నాయి. రెండింటి కట్టడంలోనూ ఫ్రెంచి ఇంజినీర్ల చెయ్యి ఉందని మా వైపు చెప్పుకుంటారు. ఈ రెండు కోటలనూ కలుపుతూ, మెట్‌పల్లి దాటాక పెద్ద రోడ్డు వదిలి, గోదావరి వంతెన మీదుగా ఖానాపూర్ చేరే దారి వేశాను.

మొదటి రెక్కీ శ్రావణంలో చేశాను. ఎక్కడ చూసినా పచ్చని మళ్లు, రోడ్డు మీద పశువులు తప్ప ఏమీ లేవు. ‘దారి ఖాళీ’ అని రాశాను. నేను పుట్టింది కోరుట్ల పక్క ఊళ్లో. కోతలు మొదలైతే తారు రోడ్డే కల్లమవుతుందని నాకు ఒకరు చెప్పనక్కర్లేదు. యాత్ర వచ్చేది సరిగ్గా కోతలప్పుడని కూడా తెలుసు. రాస్తే అధికారి తేదీ మార్చమంటాడు, తేదీ మారితే బృందం వేరే రాష్ట్రానికి పోతుంది. అందుకే రాయలేదు.

యాత్రకు ముందురోజు ఆఖరి రెక్కీ. గోదావరికి ఇవతల ఒక ఊళ్లో రోడ్డు పొడవునా సగం వెడల్పున వడ్లు ఆరబోసి ఉన్నాయి. ఊరి పేరు రాయను. వడ్ల అంచున వరసగా రాళ్లు పేర్చారు. మా వైపు ఆ రాళ్లను ఎవరూ దాటరు. బస్సు కూడా వేగం తగ్గించి మిగతా సగంలో పోతుంది. ఎదురుగా ఇంకో బండి వస్తే ఇద్దరిలో ఒకరు ఆగుతారు. ఈ నియమం ఎవరూ రాసి పెట్టలేదు, తప్పినవాడిని మాత్రం నేను చూడలేదు.

సైకిళ్లకు అక్కడ ప్రమాదమే. సన్నని టైరు వడ్ల మీదికి పోతే జారుతుంది. ఇలాంటి చోట ఏం చేయాలో మా నిబంధనల్లో స్పష్టంగానే ఉంది. తొక్కేవాళ్లను దింపి, సైకిళ్లు పట్టుకుని నడిపించాలి. కానీ ఎక్కడా దిగనక్కర్లేని దారి అని నేను బృందానికి ముందే హామీ ఇచ్చి ఉన్నాను.

ఆ ఊరి సర్పంచ్ రాజన్నతో మొదటి రెక్కీలో పరిచయమైంది. ఆయనకు ఫోన్ చేసి, రేపు ఒక్క పూట రోడ్డు ఖాళీ చేయించమన్నాను.

“వడ్లింక పచ్చిగనే ఉన్నయ్ సార్. మొగులు గూడ పట్టేటట్టున్నది. ఎత్తుమంటే ఊకుంటరా జనం?” అన్నాడు.

“పై ఆఫీసులల్ల అందరికీ ఎరుకనే రాజన్నా. ఊరి పేరు ఖరాబు గావద్దు,” అన్నాను.

ఏ ఆఫీసులోనూ ఎవరికీ ఏమీ తెలియదు. అది నేను ఆ క్షణంలో కల్పించిన మాట.

“పైనుంచి అంటే ఇగ నేనేమంట? చాటింపు ఏపిస్త,” అని ఫోన్ పెట్టేశాడు.

మర్నాడు రోడ్డు తుడిచినట్టుంది. వడ్లన్నీ రోడ్డు దిగువ పల్లంలో కుప్పలుగా పోసి, పైన టార్పాలిన్లు కప్పారు. జగిత్యాల కోట దగ్గర బృందం అనుకున్నదానికంటే చాలాసేపు ఆగింది. ఆ ఊరు చేరేసరికి పొద్దు వాలుతోంది. ఫ్రెంచి బృందంలోని లూసీ, రిటైరైన బడి టీచరు, కుప్పల దగ్గర నిలబడ్డ ఒకామెను చూసి సైకిల్ ఆపింది. ఆమె పేరు గంగవ్వ. భర్త మస్కట్‌లో కూలిపని చేస్తాడు, అత్త మంచంలో ఉంది. కౌలు పొలం, కోత, కల్లం అన్నీ ఆమె ఒక్కతే చూసుకుంటుంది.

గంగవ్వ మా వాళ్లను కిందినుంచి మీది దాకా చూసి నాతో అంది: “గీ ముసలోళ్ల కోసమా నా వడ్లు ఎత్తిపిచ్చింది? జరంత సైకిల్ దిగి నడిస్తే కాళ్లు అరుగుతయా? పొద్దటి సంది ఎండ పోయింది, మల్ల ఎవలు తెచ్చిస్తరు, నీ తెల్లోళ్లా?”

వెనక నుంచి ఇంకో ఆడమనిషి, “ఊకో గంగక్కా, నిన్ను ఫోటో తీస్తుండ్రు, జర నవ్వు,” అని ఎగతాళి చేసింది.

ఏమంటోందని లూసీ అడిగింది. మీరు రావడం సంతోషమని, మీ కోసమే అందరూ కలిసి దారి శుభ్రం చేశామని అంటోంది అని చెప్పాను. లూసీ గుండె మీద చెయ్యి పెట్టుకుని తల వంచింది. గంగవ్వ మొహం తిప్పుకుంది.

స్వీప్ దాటేసరికి మబ్బు కమ్మింది. మనుషులున్న ఇళ్లవాళ్లు గబగబా వడ్లు మళ్లీ రోడ్డు మీదికి చేర్చారు. తారు మీద పోసి కప్పితే నీరు పక్కలకు జారిపోతుంది, పల్లంలో అయితే కిందినుంచి ఊరుతుంది. గంగవ్వ కుప్ప పల్లంలోనే ఉండిపోయింది. ఆ రాత్రి మేం ఖానాపూర్‌లో ఆగాం, ఆ వైపంతా పెద్ద వాన పడింది. భోజనాల దగ్గర లూసీ తమ ఊళ్లో ద్రాక్ష కోతల సంగతి చెప్పింది. ట్రాక్టర్లు రోడ్డంతా బురద చేస్తాయట, అప్పుడు సైకిళ్లు దిగి నడవడం తమకు మామూలేనట.

తర్వాతి బృందం కోసం కొద్ది రోజులకే మళ్లీ ఆ దారిన వెళ్లాను. గంగవ్వ కుప్ప అడుగుభాగం నల్లబడి మొలకలెత్తింది, ముక్కిన వాసన వస్తోంది. కొనుగోలు కేంద్రంలో ఆ వడ్లు వద్దన్నారని చెప్పారు. పంచాయతీ ముందు నలుగురు ఆడవాళ్లు రాజన్నను నిలేశారు.

“తెల్లోళ్లకు మొగం చూపించుకోనీకి మా కష్టం నీళ్లల్ల వోసినవ్ గదనే!” అంటోంది గంగవ్వ. “నీకేమన్న మెడల్ ఇచ్చిండ్రా వాళ్లు?”

“పైనుంచి చెప్పిండ్రవ్వా,” అన్నాడు రాజన్న.

“ఎవలు చెప్పిండ్రు? పేరు చెప్పు!”

రాజన్న నా వైపు చూశాడు. నేను హెల్మెట్ పెట్టుకుని సైకిల్ ఎక్కాను.

ఆ తర్వాత ఊళ్లో ఆయనకు ‘తెల్లోళ్ల సర్పంచ్’ అని పేరు పడింది. మళ్లీ ఎన్నికల్లో నిలబడలేదు. సంస్థలో మాత్రం, అతిథుల కోసం రైతులు తమంతట తాము వడ్లు ఎత్తుకున్న ఊరు అనే కథ దారితోపాటు స్థిరపడింది. కొత్తగా చేరినవాళ్లకు దాన్ని చాలాసార్లు చెప్పింది నేనే.

ఉద్యోగం మానుకున్నాక ఆ ఊరికి వెళ్లి, గంగవ్వకు జరిగింది చెప్పాను. ఆమె మక్కకంకులు ఒలుస్తోంది, చెయ్యి ఆపలేదు. “గప్పుడు చెప్తే నీతోని కొట్లాడుదు. ఇప్పుడు నాకెందుకు చెప్తున్నవ్? మాటలు పడ్డది రాజన్న. పో, ఆయనకు చెప్పు,” అంది.

రాజన్న ఇంటి ముందు మంచం మీద కూర్చుని ఉన్నాడు. చాయ్ తెప్పించాడు. నేను మొదలుపెట్టబోతే ఆపేశాడు. “నాకు చెప్పేదేమున్నది సార్? ఫోన్ ఎత్తింది నేనే గదా. ఆ దినం పంచాయతీ కాడ నువ్వు చెప్తవని చూసిన. ఆ ఏడంత చూసిన. ఎవలతోనన్న చెప్పేదుంటే ఊరోళ్లతోని చెప్పు.”

ఆ సాయంత్రం పంచాయతీ దగ్గర కూర్చున్న వాళ్లకు చెప్పాను. కొందరు తిట్టారు. ఒక ముసలాయన, “గిన్నేండ్లకు యాదికొచ్చిందా బిడ్డా?” అన్నాడు. రాజన్న అక్కడికి రాలేదు. ఆ కథను తీసేయమని సంస్థకు కూడా తెలియజేశాను.

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లకు నేను చెప్పగలిగింది కొద్దిగానే. యాత్ర ఏ కాలంలో ఉంటే రెక్కీ ఆ కాలాన్ని లెక్కలోకి తీసుకుని రాయాలి. రోడ్డు మీద వడ్లుంటే సైకిల్ దిగాలి. దిగమని చెప్పడం రూట్ మేనేజర్ పని. వడ్లు ఎత్తమని చెప్పే అధికారం అతనికి లేదు. నాకూ లేదు, ఉన్నట్టు మాట్లాడాను.