కరుణ పేరు చదివిన చర్చి

పోయిన నెల కళ్ళ పరీక్షకని మా మేనల్లుడు నన్ను నెవార్క్ తీసుకువెళుతూ నేను ఒకప్పుడు తిరిగిన పాత వీధిలోకి కారు తిప్పినప్పుడు, ఆ రాతి చర్చి తలుపులకు గొలుసు వేసి ఉండడం చూసి కారు ఆపమన్నాను.

ఎనభైల మొదట్లో నేను అక్కడి ఆసుపత్రిలో నర్సుని. నెలలు నిండిన మా మొదటి పాప ప్రాణం లేకుండా పుట్టింది. కరుణ అని పేరు అనుకున్నాను గాని, మావారు, "వద్దు, పేరు పెడితే మరిచిపోలేం" అన్నారు. ఆ తరువాత మా ఇంట్లో ఆ ఊసే లేదు. తెలిసిన నాలుగు తెలుగు కుటుంబాలవాళ్ళు కూడా, చిన్నదానివి, మళ్ళీ పుడతారులే అని ఫోన్లు పెట్టేశారు.

ఒక సాయంత్రం డ్యూటీ దిగి, మంచులో బస్సు కోసం నిలబడి, చలికి తాళలేక వెనకే ఉన్న ఆ చర్చిలోకి వెళ్ళాను. వందేళ్ళు పైబడిన కట్టడం. గోడలు పొగచూరి, రంగుటద్దాలు మసకబారి ఉన్నాయి. పూలు సర్దుతున్న నల్లజాతి పెద్దావిడ ఒకరు నువ్వెవరని అడగకుండానే హీటరు దగ్గర కూర్చోబెట్టారు. ఏడుపు ఆగక అంతా చెప్పేశాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "పాప పేరేమిటమ్మా?" అన్నారు. అంతవరకూ నన్ను ఆ మాట అడిగినవాళ్ళు లేరు.

ఆదివారాలు అక్కడికే వెళ్ళసాగాను. బాధ పోలేదు గాని, దాన్ని దించుకోవడానికి ఒక చోటు దొరికింది. చనిపోయినవారి కోసం ప్రార్థన జరిగిన ఆదివారం, కారులోనే ఉంటానన్న మావారు ఎందుకో లోపలికి వచ్చి చివరి బల్ల మీద కూర్చున్నారు. పాస్టరుగారు ఒక్కొక్క పేరే చదువుతూ, నేను రాసిచ్చిన పేరు దగ్గర నోరు తిరగక, "కరూనా" అన్నారు. మావారు అంతమందిలోనూ వెక్కివెక్కి ఏడ్చారు. ఇంటికి వస్తూ, "దాని జుట్టు నీలాగే ఒత్తుగా ఉంది కదూ" అన్నారు.

మాకు మళ్ళీ పిల్లలు పుట్టలేదు. ఆ పెద్దావిడ పోయారు, మావారూ పోయారు. ఇప్పుడు నేనుంటున్న పిస్కాటవే ఊళ్ళో మా తెలుగు చర్చి ఉంది, మన పాటలున్నాయి, ఆరాధన అయ్యాక అందరం కలిసి భోంచేస్తాం. పిల్లలంతా నన్ను ఆంటీ అంటూ చుట్టూ చేరతారు. నేనూ ఒక బిడ్డను కన్నానని మాత్రం వాళ్ళలో ఎవరికీ తెలియదు.