గేటు అవతల సంచి

మా వీధికీ లోకానికీ మధ్య ఒక రైల్వే గేటు ఉండేది. పెరంబూరు వర్క్‌షాపు వైపు పోయే గూడ్సు బండ్లకు ఆ గేటు దగ్గరికి రాగానే ఎక్కడలేని బద్ధకం వచ్చేది. ఇంజను కాస్త ముందుకు లాగి, కాస్త వెనక్కి నెట్టి, చివరికి దారికి అడ్డంగా నిలబడిపోయేది. రెండు పక్కలా రిక్షాలు, చేతిబండ్లు, ఆఫీసుకు పోయేవాళ్ళు, ఒక్కోసారి శవయాత్ర. గేటు మనిషి నీడలో కూర్చుని బీడీ కాల్చుకుంటూ, ఎవరు అరిచినా "కొంజం పొరుమా" అనేవాడు. ఓపిక పట్టమ్మా అని. ఆ గేటు ముందు పట్టిన ఓపికంతా కడుపుమంటగా నాలో ఇంకా మిగిలే ఉంది.

అరవైల చివర్లో నేను టైపు పరీక్ష పాసయ్యాను. టౌన్లో ఒక ఆఫీసు నుంచి ఇంటర్వ్యూకు పిలుపు వచ్చింది. మా ఇంట్లో ఆడపిల్ల ఉద్యోగమంటేనే గొడవ. ఈ ఒక్కసారికి చూద్దాం, రాకపోతే మళ్ళీ ఆ మాట ఎత్తకూడదు అని అవ్వ తేల్చి చెప్పింది. అంటే నాకున్నది ఆ ఒక్క రోజే.

సోమవారం పది గంటలకు రమ్మన్నారు. సోమవారం ఏడున్నర నుంచి తొమ్మిది దాకా రాహుకాలం. జార్జి టౌన్‌లో మిరపకాయల మండీలో లెక్కలు రాసే మా నాయన రాహుకాలంలో గడప దాటే రకం కాదు. అందుకు పెద్దలు కనిపెట్టిన ఉపాయం ప్రస్థానం. మంచి వేళలో మన వస్తువొకటి దారిలో తెలిసినవాళ్ళ ఇంట్లో పెట్టివస్తే ప్రయాణం మొదలైనట్టే లెక్క. ఆ తర్వాత మనిషి ఎప్పుడు బయల్దేరినా దోషం లేదు. దానికి ఒక పాత చీర పెట్టినా సరిపోయేది. నాయన మాత్రం ముఖ్యమైనదే ముందు పోవాలని, నా సర్టిఫికెట్లున్న సంచిని పొద్దున్నే సైకిలుకు తగిలించుకుని గేటు అవతల మా మేనత్త ఇంట్లో పెట్టివచ్చాడు.

ఎనిమిదింటికి మేమిద్దరం బయల్దేరాం. గేటు వేసి ఉంది. గూడ్సు బండి ఈ చివర నుంచి ఆ చివర దాకా అడ్డంగా నిలబడి ఉంది.

మా వైపు నుంచి కూడా టౌనుకు ఒక బస్సుంది. చుట్టుదారే అయినా పదిలోగా చేరుస్తుంది. అది మా కళ్ళ ముందే వచ్చి ఆగింది. సర్టిఫికెట్లు లేకుండా ఎక్కి ఏం చేయను? వంగి చూస్తే బండి కింద నుంచి, అవతల మా కోసం ఎదురుచూస్తున్న అత్త పాదాలు, వాటి పక్కన నా సంచి కనబడ్డాయి.

అప్పుడే బండి కింద నుంచి దూరి వచ్చిన వర్క్‌షాపు మనిషి ఒకతను మా అవస్థ చూసి ఆగాడు.

"ఆడుండేది మీ సంచేనా అన్నా? ఒక్క నిమిషం, నేను పొయ్యి తెచ్చిస్తా."

"వద్దప్పా," అన్నాడు నాయన. "పరస్థానం పెట్టింది ఎనక్కి రాకూడదు."

"బస్సు పోతా ఉంది నాయనా."

"పోనీ. ఎనక్కి తెస్తే పొయ్యే పని జరగదు."

"అయితే నేనే కింద దూరి పోతా."

"కాళ్ళు తెగితే? ఈడే ఒకడికి తెగింది మర్చిపోయినావా?" అని నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

బస్సు వెళ్ళిపోయింది. గేటు మనిషి ఇంకో బీడీ వెలిగించాడు. బండి కదిలేసరికి పదిన్నర దాటింది. రాహుకాలం ఎప్పుడో అయిపోయింది, అదొక్కటే దక్కింది. నేను ఆఫీసు చేరేసరికి ప్యూను కుర్చీలు లోపలికి మోస్తున్నాడు. "ఎల్లాం ముడింజుపోచ్చుమ్మా" అన్నాడు నా మొహం కూడా చూడకుండా. అంతా అయిపోయిందట. అవ్వ అన్న మాట మీదే నిలబడింది.

ఆ తర్వాత నాయన గేటు బదులు పట్టాల కింద సబ్‌వే కావాలని తిరిగే పెద్దమనుషుల్లో కలిశాడు. ఎక్కడ నలుగురు చేరినా, "ఈ పాడు గేటు నా బిడ్డ నోటికాడి కూడు లాగేసింది" అని చెప్పేవాడు. విన్నవాళ్ళు అయ్యో అనేవాళ్ళు. ఆ కథలో గేటు ఉండేది, బండి ఉండేది, ఏడుస్తున్న నేను ఉండేదాన్ని. సంచి మాత్రం ఉండేది కాదు. వింటుంటే నాకు ఒళ్ళు మండిపోయేది.

ఎనభైల్లో ఎట్టకేలకు సబ్‌వే తవ్వారు. మొదటి వానకే నడుం లోతు నీళ్ళు నిలిచాయి, అది వేరే సంగతి. తెరిచిన రోజు మాత్రం పొడిగానే ఉంది. నాయన ఇస్త్రీ పంచె కట్టుకుని, నా అత్తవారింటి నుంచి నన్ను పనిగట్టుకుని పిలిపించాడు. ఇద్దరం లోపలికి దిగాం. తల మీద గూడ్సు బండి పోతుంటే గోడలు అదిరాయి. ఆయన మొహం వెలిగిపోతోంది.

"ఇది అప్పుడే ఉండుంటే నువ్వు ఈ పొద్దు ఆఫీసరమ్మవి."

"సంచి నా చేతిలో ఉండుంటే ఇది లేకపోయినా అయ్యేదాన్ని నాయనా."

ఆయన ఆగిపోయాడు. తల మీద బండి పూర్తిగా వెళ్ళిపోయింది.

"ఎనక్కి రాకూడదు గదమ్మా," అన్నాడు మెల్లగా.

నేను ఆయన్ని అక్కడే వదిలేసి అవతలి మెట్లెక్కాను.