గేటు మీది చీపురు

మగ్గాల యంత్రాల శిక్షణకు వెళ్ళి నేను అద్దెకున్న జర్మనీ ఊళ్ళో ఒక చర్చి, ఒక రొట్టెల దుకాణం, ఒక ఫైరింజను ఉండేవి. బస్సు కావాలంటే పక్క ఊరికి నడవాలి. మిగిలినదంతా ద్రాక్షే. నది ఒడ్డు నుంచి గుట్ట కొస దాకా, నిలబడితే కాళ్ళు జారే వాలులో, మగ్గం మీది పడుగు దారాల్లా వరుసలు. తంగళ్ళపల్లిలో మగ్గాల మధ్య పెరిగిన నాకు కూడా ఆ తిన్నదనం ఎన్నిసార్లు చూసినా నమ్మబుద్ధి కాలేదు.

నన్ను చూడ్డానికి వచ్చిన అమ్మ మొదటి రోజే అంది: "గీ గుట్ట మేకలు సుత ఎక్కయి గదరా, తోట ఎట్ల పెట్టిండ్రు?"

ఇంటి యజమానురాలు ఒంటరిగా తోట చూసుకునేది. ఏటా కొన్ని వారాలు మాత్రం వాకిట్లో బల్లలు వేసి, తన వైను, తన వంట అమ్ముకోవచ్చు. గిరాకీ బాగుంటేనే ఆ ఏడు కోతకు కూలీలను పిలవగలదు. ఆ శనివారం ఆ అమ్మకాలకు మొదటి రోజు. ఉల్లిగడ్డ రొట్టెలు కాల్చి ఎదురుచూస్తోంది.

మధ్యాహ్నం దాటినా ఎవరూ లోపలికి రాలేదు. గేటు దాకా వచ్చి, తలెత్తి చూసి వెళ్ళిపోతున్నారు. అందరూ ఒక్కచోటికే చూస్తున్నారని ఇంటావిడకు చెప్పాను. ఆవిడ పరుగున వచ్చి పైకి చూసింది.

"చీపురేది?"

గేటు మీద చీపురు కడితే ఆ ఇల్లు అందరికీ తెరిచినట్టట. లేకపోతే బల్లలు కనిపిస్తున్నా ఎవరూ గడప తొక్కరట. అమ్మకు చెప్పాను.

"నేనే తీసి తలుపెనుక పెట్టిన! దర్వాజకు చీపురు ఎవలన్న కడ్తరా? మర్చిపోయిండ్రనుకున్న." మళ్ళీ తనే, "అంటే ఇల్లే కల్లు మండువనా? ముందుగాల చెప్పొద్దారా!"

అంటూనే చీపురు తెచ్చి స్టూలెక్కింది. ఇంటావిడ స్టూలు పట్టుకుంది.

"గట్టిగ పట్టుకో అక్కా, నేను పడ్తే మళ్ళ గిరాకి పోతది!"

ఆవిడకు ఒక్క ముక్కా అర్థం కాలేదు, అయినా పకపకా నవ్వింది.

అమ్మ కిందికి దిగకముందే ఎదురింటి ముసలాయన లోపలికొచ్చాడు. ఆయన వెనుక మరో కుటుంబం. కాసేపటికి ముక్కూమొహం తెలియనివాళ్ళు ఒకే బల్ల మీద భుజాలు రాసుకుంటూ కూర్చున్నారు. బోర్డు లేదు, ఫోను లేదు, పిలుపు లేదు. స్విచ్ వేస్తే యంత్రం కదలడం నేను చదువుకున్నదే. చీపురు కడితే ఊరు కదలడం అప్పుడే చూశాను.

పొద్దు వాలకముందే రొట్టెలు అయిపోయాయి. ఇంటావిడ కూలీలకు ఫోన్ చేసి కోత రోజు చెప్పింది.

అమ్మ గేటు వైపు వేలు చూపింది. "ఇగ తియ్యాల్నా, ఉంచాల్నా?"

నేను జర్మన్‌లో చెప్పేలోపే ఇంటావిడ తియ్యొద్దన్నట్టు రెండు చేతులూ అడ్డంగా ఊపింది.