లొంగని పంతొమ్మిది ఒకట్లు

మా నాన్న లెక్కల మాస్టారు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం. ఏటా కొత్త తరగతికి మొదటి రోజున బోర్డు మీద పంతొమ్మిది ఒకట్లు వరసగా రాసేవాడు. అదంతా కలిపి ఒకే సంఖ్య.

"దీన్ని శేషం లేకుండా భాగించండి. ఒకటితో, అదే సంఖ్యతో కాకుండా వేరే దేనితోనైనా సరే. చేసినవాడికి నా కుర్చీ ఇచ్చేస్తా," అనేవాడు. రిటైరయ్యేదాకా ఆ కుర్చీ ఆయనదే. మా అన్నయ్య ఒక వేసవి సెలవులన్నీ దానితో కుస్తీ పట్టి, చివరికి పలక విసిరికొట్టాడు. నాన్న నవ్వాడు.

"చివర్న ఒక ఒకటి చెరిపితే మూడో ఎక్కంలో పోతుంది. ఇంకొకటి చేరిస్తే పదకొండో ఎక్కంలో పోతుంది. ఇది మాత్రం ఎవడికీ లొంగదురా."

పోయినేడు నాన్నకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది. మాటల్లో "కాదు" ఒక్కటే మిగిలింది. అన్నం పెట్టనా అంటే కాదు, ఫ్యాను వెయ్యనా అంటే కాదు. ఆరోగ్యంగా ఉన్నప్పుడు మాత్రం మాకు అవునని ఎప్పుడు చెప్పాడు గనక! నా కుట్టుమిషను ఆయన మంచం పక్కనే వేసుకున్నాను. పాత పలకా, బట్టల మీద గీసే సుద్దా ఇస్తే ఎడమ చేత్తో నిలువు గీతలు గీసేవాడు. ఇంకేమీ రాయలేకపోయేవాడు.

"ఆయనకి మతి లేదు, వృద్ధాశ్రమంలో చేర్పిద్దాం," అన్నాడు అన్నయ్య. నాకు ఒళ్ళు మండింది. మతి ఉందో లేదో చూసి చెప్పమని ఒక డాక్టరమ్మను ఇంటికి తీసుకొచ్చాడు. ఆవిడ లేదంటే నాన్నకి ఈ గది దక్కదు.

"మీ పేరు రాయండి మాస్టారూ," అందామె. నాన్న గీతలు గీసి ఆపాడు.

"బాగున్నాయి. ఇంకొకటి గీస్తే సరిగ్గా ఇరవై," అని ఆవిడే ఒకటి చేర్చింది.

"కాదు," అని నాన్న బొటనవేలితో దాన్ని తుడిచేశాడు. ఆవిడ మళ్ళీ గీసింది. మళ్ళీ తుడిచేశాడు.

"చూశారా, అన్నింటికీ కాదే. పాపం, బుర్ర అక్కడే ఆగిపోయింది," అంది డాక్టరమ్మ.

అన్నయ్య పలకకేసి చూసి, పెదాలు కదుపుతూ లెక్కపెట్టాడు. మొహం పాలిపోయింది. పలక లాక్కుని చివరి గీత చెరిపేశాడు. నాన్న కోపంగా సుద్ద అందుకుని ఆ గీతను మళ్ళీ నిలబెట్టాడు.

"ఇవి గీతలు కావు డాక్టరుగారూ, ఒకట్లు," అన్నాడు అన్నయ్య. చిన్నప్పుడు తాను ఓడిపోయిన లెక్కంతా ఆవిడకి చెప్పాడు. నాకు గర్వంతో ఏడుపొచ్చింది.

ఆవిడ పలక మీది ఒకట్లు తానే లెక్కపెట్టుకుంది. "అయితే ఆయన్నే అడగండి," అంది.

అన్నయ్య మంచం పక్కన నేలమీద కూర్చున్నాడు. "నాన్నా, ఆశ్రమానికి వెళ్తావా?"

"కాదు."

"ఇక్కడే ఉంటావా?"

నాన్న కాదనలేదు.