ఎర్ర పట్టీ లేని పేజీ

2019లో నేను జమ్మలమడుగులో ఒక చిన్న కంప్యూటర్ సంస్థలో పనిచేసేవాణ్ణి. ప్రొద్దుటూరు నుంచి రోజూ బస్సులో వెళ్లేవాణ్ణి. కొండాపురం వైపు జలాశయం నీళ్లలో మునిగే ఊళ్లవాళ్లకు లాటరీ తీసి కొత్త స్థలాలు ఇస్తున్నారు. ఎవరికి ఏ స్థలం వచ్చిందో చూపే వెబ్‌సైటు మా పని.

అలాంటి సైటు రెండు యంత్రాలలో ఉంటుంది. జనం చూసేది ప్రొడక్షన్. మేము సరిచూసుకునేది టెస్ట్. ఏ యంత్రం ఏదో చెప్పే గుర్తును ఎన్విరాన్‌మెంట్ అంటారు. పేజీ ఒకటే అయినా, ఆ గుర్తు టెస్ట్ అని ఉంటే ‘ఇది నమూనా మాత్రమే’ అనే ఎర్ర పట్టీ పైన కనబడుతుంది.

టెస్ట్ పేజీని పాత ఊరి ఇళ్ల వరసలోనే అక్కడివాళ్ల పేర్లతో నింపాం. ఇంతలో ఆ యంత్రం పాడైతే మార్చారు. కొత్తదానికి గుర్తు ఎక్కించలేదు. గుర్తు లేకపోతే ప్రొడక్షన్ అనుకోవడం దాని పద్ధతి. పట్టీ మాయమైంది.

లాటరీ అయ్యాక పరుపులు కుట్టే మస్తాన్ వలి వచ్చాడు. భార్య పోయి ఒంటరిగా ఉంటున్న మనిషి. మేకలు మేపే ఓబులేసు ఆయనకు పాత ఊళ్లో పక్కింటివాడు.

“సార్, నెట్ సెంటర్లో చూపిచ్చినారు. నాదీ ఓబులేసుదీ పక్కపక్కనే వచ్చినాయంట! మధ్యలో గోడ ఎందుకులేప్పా అన్యాడు వాడు. నీ మేకలు నా దూదంతా మేస్తాయిరా అంటే నగుతాండాడు.”

నెట్ సెంటర్‌వాళ్లు పొరపాటున తెరిచి చూపింది టెస్ట్ పేజీ. ప్రొడక్షన్‌లో వెతికాను.

“అది ఉత్త నమూనా మామా. ఓబులేసుకు వేరే కాలనీలో వచ్చింది.”

“దూరమా?”

“శానా దూరం.”



“ఆ పేజీ తీసేస్తావా?”

“పేర్లు తీసేయాల మామా. ఇంకొకరు నమ్ముతారు.”

“తియ్యి. తీసేముందు ఒకసారి చూపిచ్చు. నాకు సదువు రాదు. నా పేరు యాడుందో, వాని పేరు యాడుందో ఏలు పెట్టి చూపిచ్చు.”

చూపించాను. ఆయన రెండు పేర్ల మధ్య ఉన్న గీత మీద వేలు పెట్టాడు.

“ఈ గోడే మేం వద్దనుకునింది.”

ఆయన వెళ్లాక పేర్లన్నీ తీసేశాను. పట్టీ చూపే షరతును తిరగరాశాను: ప్రొడక్షన్ అని గుర్తు స్పష్టంగా ఉంటే తప్ప ఎర్ర పట్టీ పోకూడదు. తానేదో చెప్పని యంత్రాన్ని అసలుదని నమ్మకూడదని, నమూనాలో నిజమైన మనుషుల పేర్లు పెట్టకూడదని ఆ రోజు నేర్చుకున్నాను.

ఇప్పుడు రిటైరై ప్రొద్దుటూరులో ఒక్కణ్ణే ఉంటున్నాను. ఆనాటి నా డైరీలో ‘పట్టీ సరిచేశాను’ అని మాత్రం ఉంది. గోడ సంగతి రాయడానికి ఆ రోజు చెయ్యి రాలేదు.