నాగరత్నం గారి పుట్టింటి రక్తం

పొద్దున ఆరుంపావుకి విజయవాడ బస్టాండులో నాగాయలంక బస్సు ఎక్కాను. భుజాన సంచి, ఒళ్ళో తెల్లటి థర్మోకోల్ పెట్టె. పెట్టెలో చల్లటి జెల్ పొట్లాలు, రక్తం పట్టే ఖాళీ గొట్టాలు. సంచిలో డైరీ, రెండు అరటిపళ్ళు, ఒక నవల. బస్సులో పుస్తకం తెరిచి కూర్చుంటే ఎవరూ మాట్లాడించరని ఎవరో చెప్పారు. అది అబద్ధం.

ఇది రెండువేల మూడు నాటి మాట. పిల్లల పెద్దపేగులో వంశపారంపర్యంగా వచ్చే పాలిప్స్ మీద జరుగుతున్న ఒక పరిశోధనలో నేను సహాయకురాలిని. పాలిప్ అంటే పేగు లోపలి గోడకి పుట్టగొడుగులా మొలిచే చిన్న కండ. కొన్ని కుటుంబాల్లో చిన్నతనంలోనే గుంపులుగా మొలుస్తాయి. విరేచనంలో రక్తం పడుతుంది, పిల్లలు పాలిపోతారు. లోపలికి గొట్టం పంపి తీసేయొచ్చు. పట్టించుకోకపోతే పెద్దయ్యాక కొందరికి క్యాన్సరవుతుంది.

దుర్గ అనే ఏడేళ్ళ పిల్ల విజయవాడలో మా ఆస్పత్రికి వైద్యానికొచ్చింది. (పేర్లన్నీ మార్చాను. ఊరు నాగాయలంకకి ఏ వైపో కూడా చెప్పను.) వాళ్ళమ్మ లక్ష్మి ఒక్కటే అడిగింది: "మా చిన్నోడికి కూడా వస్తదాండీ?" చిన్నోడికి మూడేళ్ళు. తల్లికో తండ్రికో ఉంటే ఒక్కో బిడ్డకీ సగం అవకాశం. దుర్గ రక్తంలో దొరికిన జన్యువు తేడా ఆ ఇంట్లో జబ్బుపడ్డ పెద్దవాళ్ళలోనూ కనిపిస్తే, చిన్నోడిలో అది ఉందో లేదో చూడొచ్చు. లేకపోతే వాడికి జీవితాంతం గొట్టం పరీక్షలు తప్పుతాయి. అందుకని పెద్దవాళ్ళ రక్తం కావాలి. డాక్టరుగారే రావాల్సింది. ఆఖరి నిమిషంలో ఆపరేషన్ పడి "నువ్వెళ్ళొచ్చెయ్యమ్మా" అన్నారు. "కుదరదండి" అనడం నాకు చేతకాదు.

కంకిపాడు దాటేసరికి పక్కనున్న పెద్దావిడ నా నవల మూసేసింది.

"మోపిదేవికా అమ్మాయ్? పెట్టెలో పుట్టకి పాలా?"

"కాదండి. నాగాయలంక."

"పెళ్ళి కాలేదుగా?"

"లేదండి."

"అయితే మోపిదేవిలోనే దిగి సుబ్రమణ్యస్వామికి మొక్కుకో. నాగాయలంక ఎక్కడికి పోద్ది?"

కండక్టర్ పెట్టె వైపు చూసి, "ఎల్లేటప్పుడు ఖాళీ, వచ్చేటప్పుడు రొయ్యలు. నీళ్ళు కారాయా, దింపేస్తా మేడమ్," అన్నాడు. రొయ్యలు కాదని చెబుదామని నోరు తెరిచాను. అతను అప్పటికే వెనక సీట్ల దగ్గరున్నాడు. ఉయ్యూరులో బెల్లప్పాకం వాసన, చల్లపల్లిలో రెండిడ్లీ, టీ. మోపిదేవిలో పెద్దావిడ దిగుతూ నా చెయ్యి పట్టుకు లాగింది. అతికష్టం మీద బస్సులోనే ఉండిపోయాను.

తొమ్మిదిన్నరకి నాగాయలంక. అక్కణ్ణించి షేర్ ఆటోలో, చేపల బుట్టల మధ్య, పెట్టెని నెత్తి మీద పట్టుకుని ఇరవై నిమిషాలు. మధ్యాహ్నం వస్తామని కబురు చేశాం, నేనేమో పొద్దున్నే దిగాను. లక్ష్మి మార్కెట్టుకెళ్ళింది, ఆమె భర్త శ్రీను చేపల వేటకెళ్ళాడు. వాకిట్లో ఎండుచేపలు తిరగేస్తున్నావిడ లక్ష్మి అత్తగారు, నాగరత్నం గారు. మనిషి పొడుగు. ముక్కు ఇంకా పొడుగు. ఆవిడ పక్కన మట్టిలో ఆడుతున్న చిన్నోడికీ అదే ముక్కు, చిన్న సైజులో.

ఆవిడ కుర్చీని పైటకొంగుతో తుడిచి వేసింది. నాకు నేర్పిన వరసలో మొదటి ప్రశ్నలు అడిగాను. మీ ఇంటిపేరేంటండీ, మీ అత్తవారి వైపు ఎవరెవరు, మేనరికాలున్నాయా, పెద్దవాళ్ళు ఏ జబ్బుతో పోయారు.

మా వైపు ముక్కూమొహం తెలియనివాళ్ళని ఈ ప్రశ్నలు అడిగేవాళ్ళు ఒక్క రకమే ఉంటారన్న సంగతి నాకు తట్టలేదు. నాగరత్నం గారి కళ్ళు మెరిశాయి. లోపలికి తిరిగి గట్టిగా కేకేసింది.

"ఒరే రాంబాబూ! చొక్కా ఏసుకుని బయటికి రా! పిల్ల తరఫు వాళ్ళొచ్చారు!"

రాంబాబు ఆవిడ రెండో కొడుకు. సంబంధం మాటలు నడుస్తున్నాయట. ఆరా తీయడానికి అవతలివాళ్ళు నన్ను పంపారనుకున్నారు. "నేను ఆస్పత్రి నుంచండీ," అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. అప్పటికే రాంబాబు ఐసు దిమ్మని భుజానికెత్తుకుని వాకిట్లో తిరుగుతున్నాడు.

"చూశావా అమ్మాయ్, ఆయాసం ఉందా? ఒరే, పళ్ళు చూపించు."

చూపించాడు. అన్నీ ఉన్నాయి.

"మరి పొట్టలో నొప్పి, రక్తం పడటం లాంటివి..."

"మా ఇంటికి జలుబుక్కూడా దారి తెలీదు!"

పక్కింటావిడ గోడ మీదుగా, "ఆళ్ళింట్లో తుమ్మగా నేనెప్పుడూ ఇన్లేదమ్మా," అని సాక్ష్యం చెప్పింది. నేను నిజం చెప్పబోయినప్పుడల్లా ఒక గ్లాసు వచ్చేది. మజ్జిగ, తర్వాత టీ, ఆ తర్వాత కొబ్బరినీళ్ళు. పదకొండుకే భోజనం. చేపల పులుసు. ముళ్ళతో అవస్థ పడుతుంటే నాగరత్నం గారే నా కంచం పక్కన కూర్చుని ముల్లు తీసి పెట్టింది. తిన్నాక నిజం చెప్పడం మరీ కష్టమైంది.

అప్పుడు లక్ష్మి వచ్చింది. వెనకాలే ఆమె తండ్రి వెంకటేశ్వర్లు గారు. ఈయన నాగరత్నం గారికి స్వయానా తమ్ముడు. అంటే లక్ష్మి తన మేనత్త కొడుకునే చేసుకుంది.

"అత్తా, ఈవిడ పెళ్ళివారు కాదు. దుర్గ ఆస్పత్రి నుంచొచ్చారు. మనందరి రక్తం కావాలి. చిన్నోడి కోసం."

రాంబాబు మళ్ళీ ఎత్తుకున్న ఐసు దిమ్మ కిందపడింది.

నాగరత్నం గారు నా వైపు చూసిన చూపుకి తిన్న పులుసు తిరిగిచ్చెయ్యాలనిపించింది. "ఇది మా ఇంటి జబ్బు కాదు. ఏదన్నా ఉంటే కోడలి పుట్టింటిది," అంది.

"కోడలి పుట్టిల్లంటే ఎవరిల్లక్కా?" అన్నాడు తమ్ముడు. "నువ్వు పుట్టిన ఇల్లే కదా!"

"పుట్టానంతే. పెళ్ళయ్యాక ఇంటిపేరు మారింది."

"ఇంటిపేరు మారితే పేగు మారుద్దా?"

"నోర్ముయ్యరా ఎంకటేసులూ! పడవలో పంచంతా రక్తమై పడిపోయింది మీ చిన్నాన్న కాదూ?"

"మా చిన్నాన్న నీకేమవుతాడు? మరి చీటికీమాటికీ చెరువుగట్టుకి పరిగెత్తేది నీ పెద్దకొడుకు కాదూ?"

"శీనుగాడికి వేడి చేసింది!"

"నీకూ వేడేనా?"

"నాది మూలశంక!"

"నాన్నదీ మూలశంకేనన్నారుగా. నలభై దాటకుండా పోయాడు."

మా పరిశోధనలో వంశవృక్షం గీస్తాం. మగవాళ్ళకి చదరం, ఆడవాళ్ళకి గుండ్రం, జబ్బున్నవాళ్ళకి నల్లరంగు. ఇళ్ళల్లో జబ్బు సంగతి ఎవరూ చెప్పరు, చెబితే పిల్లలకి సంబంధాలు రావు. ఒక్క కుటుంబానికి నెలలు పడుతుంది. ఆ వాకిట్లో మాత్రం ఒక్కో దెప్పుకీ ఒక నల్లమచ్చ పడుతోంది. అలా కాసేపట్లో అక్క తమ్ముడి వైపు మూడు నింపింది, తమ్ముడు అక్క వైపు రెండు. ఇద్దరూ ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు అడిగాను.

"ఇవన్నీ రాసుకోవచ్చాండీ?"

"రాసుకో!" అన్నారిద్దరూ, ఒకళ్ళనొకళ్ళు వేలెత్తి చూపించుకుంటూ.

కాగితం వాళ్ళ వైపు తిప్పాను. రెండిళ్ళ గీతలూ పైకెళ్ళి ఒకే నల్ల చదరం దగ్గర కలిశాయి. వాళ్ళ నాన్న. నాగరత్నం గారు ఆ గీత మీద వేలుతో కిందికి వచ్చి ఒక తెల్ల గుండ్రం దగ్గర ఆగింది.

"ఇది నేనా?"

"అవునండి."

ఆవిడ వేలు అక్కణ్ణించి తియ్యలేదు. చిన్నోడు వచ్చి ఒళ్ళో కూర్చున్నాడు.

"నల్లగా చేసెయ్ అమ్మాయ్. దుర్గ వయసులో నాకూ రక్తం పడేది. పెళ్ళవదని మా అమ్మ ఎవరికీ చెప్పనివ్వలా." చిన్నోడి ముక్కు నిమిరింది. "మా నాన్న ముక్కే నాకూ ఈడికీ వచ్చిందని ఊరంతా అంటే మురిసిపోయేదాన్ని. ముక్కొక్కటే ఇచ్చాడనుకున్నా."

చెయ్యి చాపింది. "ముందు నాది తీయ్. ఈడు చూస్తన్నాడు, ఏడుస్తాననుకోకు."

ఏడవలేదు. తర్వాత వెంకటేశ్వర్లు గారు, "మా అక్కకన్నా ఎక్కువే తీయమ్మా," అని చెయ్యిచ్చాడు. లక్ష్మి ఇచ్చింది, శ్రీను వేట నుంచి తిరిగొచ్చాక విజయవాడ వచ్చి ఇస్తాడంది. ఐసు దిమ్మ మోసిన రాంబాబు సూది చూసి ఎండుచేపల మీద పడిపోయాడు, పడ్డాక తీశాం. చిన్నోడు నా చెయ్యి కొరికాడు. సగం గొట్టమే వచ్చింది. సరిపోతుంది.

బయల్దేరుతుంటే నాగరత్నం గారు ఆటో దాకా వచ్చింది. "ఎవరన్నా అడిగితే మా ఇంట జలుబు కూడా లేదని చెప్పు."

"ఎవరికీ ఏమీ చెప్పకూడదండీ. మా రూలు."

"అట్టా ఐతే ఇంకా మంచిది."

రెండున్నర బస్సు. పొద్దుటి కండక్టరే. పెట్టె అడుగు తడిమి చూసి, తడి లేదని నిరాశగా వెళ్ళిపోయాడు. అవనిగడ్డలో ఇస్త్రీ చొక్కా పెద్దమనిషి ఒకాయన ఎక్కి నా పక్కన కూర్చున్నాడు. ఎక్కణ్ణించి వస్తున్నానో అడిగాడు. ఊరు చెప్పాను. ఆయన మొహం వికసించింది.

"అక్కడ నాగరత్నం గారని ఉంటారు, ఎరుగుదువా? మా అన్నగారి పిల్లని వాళ్ళబ్బాయికి అనుకుంటున్నామమ్మా. ఆరోగ్యాలవీ ఎలాంటివి?"

ఆ ఇంటి ఆరోగ్యాలన్నీ నా ఒళ్ళో పెట్టెలో ఉన్నాయి. చెప్పకూడదు. చెప్పకుండా ఊరుకుంటే, పెళ్ళి వాకబులో నోరు మెదపకపోవడమంటే ఏదో ఉన్నట్టే లెక్క.

"ఆవిడ మంచి మనిషండి," అన్నాను. "నాకు చేప ముళ్ళు తీసి పెట్టారు. ఏం తెలుసుకోవాలన్నా ఆవిణ్ణే అడగండి. చెప్తారు."

పొద్దుట్నించీ నేను ఒక్క ఊపున మాట్లాడిన పెద్ద మాట అదే. ఆయన తలూపి పెట్టెని చూశాడు.

"రొయ్యలా?"

"...అవునండి."

"మంచివేనా?"

"ఇంకా తెలీదండి. పరీక్ష చేయించాలి."

ఆయన జాలిగా చూసి కిటికీ వైపు తిరిగాడు. ఉయ్యూరులో మళ్ళీ బెల్లప్పాకం వాసన. పెట్టె చల్లగానే ఉంది. సాయంత్రం రైల్లో హైదరాబాదు ల్యాబుకి వెళ్ళిపోతుంది. ఆ వైపు వెళ్ళేవాళ్ళకి నేను చెప్పగలిగింది ఒక్కటే: ఇంటిపేరుతో మొదలుపెట్టకండి. మొదలుపెట్టారో, ఖాళీ కడుపుతో వెళ్ళండి.

మూడు నెలలకి అందరూ విజయవాడ వచ్చారు. దుర్గలో ఉన్న తేడా నాగరత్నం గారిలో ఉంది, శ్రీనులో ఉంది. చిన్నోడిలో లేదు. డాక్టరుగారు చెప్పగానే లక్ష్మి కొంగుతో మొహం కప్పుకుంది. నాగరత్నం గారు మనవడి ముక్కు రెండు వేళ్ళతో పట్టుకుని అటూ ఇటూ ఊపింది.

"ముక్కు మాత్రం తీసుకుని, మిగతాది నాకొదిలేశావా! గడుసోడివిరా."